ముప్పై మంది ఇల్లు చూశారు, అడ్వాన్స్ మాత్రం రాలేదు: ఇంటీరియర్‌లో ఎక్కడ తేడా కొడుతోంది?

బెంగళూరులో ఇంటీరియర్ పనులు చేయిస్తుంటాను. వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్డు, హెబ్బాళ వైపు కోట్లు పలికే విల్లాలు, పెద్ద ఫ్లాట్లు, వాటిలో సగం మన తెలుగువాళ్లవే. అమ్మేవాళ్లు “ఇంటీరియర్‌కే అరవై లక్షలు పోశామండీ” అంటారు. చూడటానికి వచ్చినవాళ్లు అదే హాల్లో నిలబడి, ఇదంతా పీకించడానికి ఎంతవుతుందా అని లెక్కేసుకుంటారు. బేరాలు చాలావరకు ఈ రెండు లెక్కల మధ్యే చెడతాయి.

సమస్య: ఫోటోలు చూసి ఫోన్లు వస్తున్నాయి, ఇల్లు చూశాక ఎవరూ పలకడం లేదు

కారణం: ఫోటోలు పగటి వెలుతురులో తీసినవి. ఉద్యోగస్తులు ఇల్లు చూడటానికి వచ్చేది సాయంత్రం, అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో గంటసేపు నలిగి. అప్పుడు వాళ్లకు కనబడేది మీ ఇల్లు కాదు, మీ లైట్లు. ఒక విల్లాలో హాలంతా లేత గోధుమరంగు ఇటాలియన్ మార్బుల్. పైన మాత్రం 6500 కెల్విన్ తెల్ల లైట్లు (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలం కలిసిన తెలుపులోకి, తగ్గేకొద్దీ పసుపులోకి పోతుంది), పక్కన ఫాల్స్ సీలింగ్ అంచుల్లో పసుపు స్ట్రిప్పులు. రాయి బూడిదరంగులోకి తిరిగి, హాలు నర్సింగ్ హోమ్ వరండాలా తయారైంది.

పరిష్కారం: హాలు, పడకగదుల్లో 2700 నుంచి 3000 కెల్విన్, వంటింట్లో 4000. ఒకే గదిలో రెండు రకాలు కలపొద్దు. బల్బు డబ్బా మీద సీఆర్‌ఐ 90 అని ఉంటే రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. ఆ విల్లాలో మేం మార్చింది బల్బులే. వారం తర్వాత ఆ ఇంటి పెద్దాయన ఫోన్ చేసి “పాలిష్ కూడా పెట్టించావా బాబూ?” అని అడిగారు.

లైట్లు మార్చినా గది ఇరుకనిపిస్తే తలెత్తి చూడండి. పది అడుగుల స్లాబు కింద మూడంతస్తుల ఫాల్స్ సీలింగ్ దింపితే ముప్పావు అడుగు పోతుంది, దాని కింద ఫ్యాను. మధ్యభాగం తీయించి చుట్టూ అంచు మాత్రం ఉంచండి.

సమస్య: ఇల్లు బాగుందంటారు, రేటు మాత్రం మరీ తగ్గించి అడుగుతారు

కారణం: ఇల్లు మీకు తగ్గట్టు మరీ బిగుతుగా కుట్టించుకున్న చొక్కాలా ఉంది. నాలుగో పడకగది హోమ్ థియేటర్ అయింది, గోడలు నల్లగా, కిటికీ మూసేసి. మీరు నాలుగు పడకగదుల రేటు చెబుతున్నారు, వాళ్లకు మూడే కనిపిస్తున్నాయి.

పరిష్కారం: అమ్మే ముందు కొత్తగా ఖర్చు పెట్టొద్దు, ఉన్నది తగ్గించండి. ఈ మాట వల్ల నాకే పని పోతుంది, అయినా చెబుతున్నా. కిటికీ తెరిపించి, లేత రంగు వేయించి, ఆ గదిలో మంచం వేయండి. గోడ నిండా ఉన్న పెళ్లి ఫోటోలు దించండి. పెట్టిన డబ్బుకు విలువ కనబడాలంటే బిల్లులు చూపించండి: వంటింటి ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర (తడిని తట్టుకునే ప్లైవుడ్‌కు వేసేది) ఉందా, హింజులకు వారంటీ మిగిలిందా, వైరింగ్ డ్రాయింగ్ ఉందా. నోటితో చెప్పిన అరవై లక్షల కన్నా ఆ ఒక్క ఫైలుకే కొనేవాళ్లు విలువిస్తారు. ఇల్లు అమ్మిన లాభం మీద కట్టే పన్ను లెక్కలోనూ గోడకు బిగించిన శాశ్వత పనుల బిల్లులు పనికొస్తాయి, సోఫాలు, ఫ్రిజ్‌లవి పనికిరావు. ఈ ముక్క మీ సీఏని అడిగి ఖాయం చేసుకోండి.

సమస్య: వంటింటి దగ్గరకు రాగానే ముఖాలు మారిపోతున్నాయి

కారణం ఓపెన్ కిచెన్. ఎండుమిర్చి పోపు పెడితే హాల్లో సోఫా దాకా దగ్గే. చిమ్నీ ఉందంటారు గానీ, గొట్టం ఎంత పొడుగైతే, ఎన్ని వంపులు తిరిగితే లాగే బలం అంత తగ్గుతుంది. హాలుకీ వంటింటికీ మధ్య జరిపే గాజు తలుపు పెట్టించండి, గొట్టం దగ్గరి గోడలోంచి బయటికి తీయించండి. బియ్యం బస్తా, ఆవకాయ జాడీలు పెట్టే చోటేదో కూడా చూపించండి. అమ్మానాన్నలతో వచ్చే కొనుగోలుదారులు వెతికేది అదే.

కొనేవాళ్లకు: ఒక్క గోడకే కొత్త ప్యానెల్, గదంతా కొత్త పెయింట్ వాసన

ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. అందంగా కనబడుతున్న ఆ ప్యానెల్ వెనక చెమ్మ ఉండొచ్చు. కిందటేడు ఒక ఫ్లాట్‌లో బాత్రూమ్ గోడకు ఆనించిన వార్డ్‌రోబ్ తెరిచాను. పై అరలన్నీ బాగున్నాయి. అట్టడుగు అర ఖాళీ చేయించి వెనక పలక మీద వేలితో నొక్కితే తడిసిన అట్టముక్కలా లోపలికి దిగింది. తడిసిన గోనెసంచి వాసన. గోడ అడుగున వేసే స్కర్టింగ్ పట్టీ పైన ఉప్పులాంటి తెల్లటి పొడి.

కారణం ఎక్కువగా బాత్రూమ్ నేలలో టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌట్ పోవడం, లేదా కింద వాటర్‌ప్రూఫింగ్ దెబ్బతినడం. తేల్చుకోవాలంటే నీళ్లు పోయే జాలీ మూసి, నేల మీద నీళ్లు నింపి 24 గంటలు ఉంచమనండి. ఆ తర్వాత పక్క గోడ, కింది ఇంటి సీలింగ్ చూడాలి. గ్రౌట్ తప్పే అయితే ఎపాక్సీ గ్రౌట్‌తో సరిపోతుంది. అంతకు మించితే టైల్స్ లేపక తప్పదు. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి, మొహమాటం వద్దు. వీలైతే సెప్టెంబరు, అక్టోబరు వానల్లో ఇంకోసారి ఇల్లు చూడండి.

షవర్ గాజు మీది తెల్ల మరకలు చూసి బెదరొద్దు, అవి బోరునీళ్లవి. వెనిగర్‌తో పోతాయి, కానీ అది మార్బుల్ మీద పడితే రాయి మెరుపు చచ్చిపోతుంది.

సమస్య: తాళాలు తీసుకున్న రోజు హాల్లో షాండ్లియర్ లేదు

కొక్కెం ఉంది, రెండు వైర్లు వేలాడుతున్నాయి. “అది మా అమ్మాయి ఇష్టపడి కొన్నది, ఇంటితో ఇస్తామనలేదే” అని అమ్మినాయన. ఆయన అబద్ధమూ ఆడలేదు, అగ్రిమెంట్‌లో దాని ఊసే లేదు. షాండ్లియర్లు, కర్టెన్లు, గీజర్లు, చిమ్నీ, ఏసీలు, ఏవి ఇంటితో వస్తాయో మోడల్ నంబర్లతో సహా ఒక కాగితం మీద రాసి, ఫోటోలు జతచేసి, అడ్వాన్స్ ఇచ్చేలోపే ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి.