లేబుల్ వదిలి సొంతంగా పాటలు వేసుకోవాలంటే: తిరుపతి బ్యాండ్ నుంచి కొన్ని జాగ్రత్తలు

ఇన్‌స్టాలో "లేబుల్ నుంచి బయటికొచ్చేశాం" అని పోస్ట్ పెట్టడం చిట్టచివర చేయాల్సిన పని. మేం దాన్నే మొదట చేశాం. తిరుపతిలో నలుగురం కలిసి రాక్ బ్యాండ్ నడుపుతున్నాం, ఒక పెద్ద లేబుల్‌తో, అంటే పాటలు విడుదల చేసే మ్యూజిక్ కంపెనీతో, కొన్నేళ్లు ఉండి బయటపడ్డాం, ఆ కోపంలో మేం చేసిన తప్పులు ఇంకో బ్యాండ్ చేయకూడదనే ఇది రాస్తున్నా.

ముందు అగ్రిమెంట్ ప్రింట్ తీసి, పెన్సిల్ పట్టుకుని, అందరూ ఒకేచోట కూర్చుని చదవండి. మేం బైరాగిపట్టెడలోని ప్రాక్టీస్ రూమ్‌లో రెండు రాత్రులు కూర్చున్నాం. ఒక పాటలో రెండు ఆస్తులుంటాయి. రాసిన మాటలు, కట్టిన బాణీ ఒకవైపు; స్టూడియోలో రికార్డయిన ఆడియో, అంటే మాస్టర్, ఇంకోవైపు. మాస్టర్ లేబుల్‌కి రాసిచ్చేసినా మాటలూ బాణీ మీ పేరు మీదే ఉండిపోయి ఉండొచ్చు, అలా ఉంటే అదే పాటను మీరు మళ్లీ రికార్డు చేసుకోవచ్చు, కాకపోతే ఇన్నేళ్ల వరకు మళ్లీ రికార్డు చేయకూడదనే షరతు ఎక్కడైనా దాక్కుని ఉందేమో చూసుకోవాలి. అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ 2021 నుంచి తన పాత ఆల్బమ్‌లను మళ్లీ పాడి విడుదల చేయగలిగింది ఈ తేడా వల్లే.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, అందులో 19వ సెక్షన్ తప్పకుండా చదవండి. హక్కులు రాసిచ్చిన కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్లనే లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాదిలోపు వాడకపోతే, వేరేగా రాసుకుని ఉంటే తప్ప, అది రద్దయిపోతుంది. 2012 సవరణ ఇంకా పెద్ద విషయం: పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు తమ రాయల్టీలోని (పాట వాడినప్పుడల్లా వచ్చే డబ్బులోని) సమాన వాటాను వదులుకుంటున్నామని సంతకం పెట్టినా అది చెల్లదు. ఈ సంగతి తెలిసిన రాత్రి, మా పాటలన్నీ రాసిన గిటారిస్ట్ చాలాసేపు మాట్లాడలేకపోయాడు. ఆ వాటా చేతికి రావాలంటే ఐపీఆర్‌ఎస్‌లో, అంటే పాట రాసినవాళ్లకూ బాణీ కట్టినవాళ్లకూ రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థలో, సభ్యులుగా చేరండి, లేబుల్‌లో ఉన్నా లేకున్నా.

తర్వాత చూడాల్సింది బాకీ. లేబుల్ ఇచ్చిన అడ్వాన్సు, వీడియో ఖర్చు, ప్రమోషన్ ఖర్చు మన రాయల్టీలోంచి కోసుకుంటూ పోతారు, ఇంకా ఎంత మిగిలిందో స్టేట్‌మెంట్ రాతపూర్వకంగా అడగండి. "తర్వాతి ఆల్బమ్ కూడా మాకే" అనే ఆప్షన్ ఉంటే దాని గడువు తేదీ రాసిపెట్టుకోండి. ఇవన్నీ తీసుకుని కాపీరైట్ కేసులు చూసే లాయర్ దగ్గరికి వెళ్లండి. ఊళ్లో దొరక్కపోతే చెన్నై మూడు నాలుగు గంటల దారి, పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు, ఆ ఫీజు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఫోన్లో "సరేలే, వెళ్లండి" అన్న మాటను నమ్ముకోకండి. ఒప్పందం ముగిసిందనీ, ఏ పాట ఎవరిదనీ, బ్యాండ్ పేరు మీదేననీ సంతకంతో లెటర్ కావాలి.

పేరు గురించి ఇంకొంచెం చెప్పాలి. మా యూట్యూబ్ ఛానెల్ లేబుల్‌వాళ్ల మెయిల్ ఐడీతో తెరిచి ఉంది, పాస్‌వర్డ్ కూడా మా దగ్గర లేదు, దాన్ని తెచ్చుకోవడానికి పాటల కంటే ఎక్కువ టెన్షన్ పడ్డాం. అందుకే ఛానెల్, ఇన్‌స్టా, స్పాటిఫై ఆర్టిస్ట్ పేజీ అన్నీ ముందుగా మీ చేతికి తెచ్చుకోండి. బ్యాండ్ పేరుకు 41వ క్లాసులో, అంటే వినోద సేవల విభాగంలో, ట్రేడ్‌మార్క్ వేయండి, ఆన్‌లైన్‌లో ఒక వ్యక్తి పేరు మీద వేస్తే 4500 రూపాయలు, పదేళ్లు ఉంటుంది. అది ఒక్కరి పేరు మీద ఉన్నా అందరిదీ అని మీలో మీరు కాగితం రాసుకోండి. వాటాలు కూడా అందులోనే. స్నేహితులం కదా, మనకెందుకు కాగితం అనిపిస్తుంది, స్నేహం నిలవాలనే ఆ కాగితం.

పాత పాటలు మీకు తిరిగొస్తే, పాటలను యాప్‌లకు పంపే డిస్ట్రిబ్యూటర్‌ను మార్చేటప్పుడు ప్రతి పాట రికార్డింగ్‌కూ గుర్తింపుగా ఉన్న 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ లేబుల్ దగ్గర అడిగి తీసుకుని, అదే కోడ్‌తో ఎక్కించండి. మేం కొత్త కోడ్‌తో ఎక్కించాం, ప్లేల లెక్క సున్నా నుంచి మొదలైంది. మిక్స్ ఫైళ్లు, విడివిడి ట్రాకులు కూడా అడగండి, రెండు హార్డ్ డిస్కుల్లో రెండు ఇళ్లల్లో పెట్టండి. అన్నమయ్య పాటలు రాగిరేకుల మీద చెక్కి కొండ మీద భద్రంగా దాచబట్టే కదా నాలుగు వందల ఏళ్ల తర్వాత మనకు దొరికాయి.

డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్ లాంటివి డబ్బు కట్టించుకుని పాటను అన్ని యాప్‌లకూ పంపుతాయి. కట్టడం ఆపితే పాట ఉంటుందా పోతుందా అన్నది చేరేముందే చూసుకోండి. పాటను విడుదలకు నాలుగు వారాల ముందు ఎక్కిస్తే మంచిది, స్పాటిఫై ప్లేలిస్టుల టీమ్‌కు కనీసం ఏడు రోజుల ముందు పంపాలి. 2024 నుంచి స్పాటిఫైలో పన్నెండు నెలల్లో 1000 ప్లేలు రాని పాటకు రికార్డింగ్ రాయల్టీ లేదు, కాబట్టి పదిహేను పాటలు ఒకేసారి గుమ్మరించకుండా ఒక్కోటి వదలండి.

రేడియోహెడ్ 2007లో ఆల్బమ్‌ని "మీకు తోచినంత ఇవ్వండి" అని పెట్టిన కథ అందరూ చెబుతారు, కానీ వాళ్లు అప్పటికే ఈఎంఐ అనే లేబుల్‌తో ఒప్పందం పూర్తి చేసుకుని, ప్రపంచమంతా పేరున్న బ్యాండ్. మనకు దగ్గరి ఉదాహరణ ఢిల్లీ బ్యాండ్ ఇండియన్ ఓషన్. 2010లో నెలకో పాట తమ వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టి, షోల మీద ఆధారపడ్డారు. మనకూ డబ్బు షోల నుంచే రావాలి. బెంగళూరులో లాగా పబ్ షోలు ఇక్కడ లేవు, ఎస్వీ యూనివర్సిటీ, రంగంపేట వైపు కాలేజీల ఫెస్టులే మన వేదికలు. ఫెస్టు కమిటీ పిల్లలు పరీక్షలు కాగానే బడ్జెట్ లెక్కలు వేసుకుంటారు, కొత్త పాట లింకు, మీ రేటు, మీకు కావాల్సిన మైకులూ యాంప్‌ల జాబితా ఒకే పేజీలో రాసి ఆ వారంలోనే పంపేయండి, సగం అడ్వాన్సు చేతికొచ్చాకే డ్రమ్స్ ఆటోలో ఎక్కించండి.