పన్ను నొప్పి ఎప్పుడొస్తోంది, ఎంతసేపుంటోంది? లక్షణాన్ని బట్టి కారణం, చికిత్స

పన్ను నొప్పి రాగానే కనిగిరిలో అయినా, కావలిలో అయినా మనవాళ్లు చేసే మొదటి పని ఒకటే. మెడికల్ షాపుకు పోయి "పంటి నొప్పికి రెండు మాత్రలియ్యి అబ్బయ్యా" అంటారు. మాత్రతో నొప్పి తగ్గుతుంది కానీ పన్ను బాగుపడదు. పైగా డాక్టరు అడిగే రెండు ముఖ్యమైన ప్రశ్నలకు జవాబు దొరక్కుండా పోతుంది: నొప్పి దేనివల్ల మొదలవుతోంది, మొదలయ్యాక ఎంతసేపు ఉంటోంది? మాత్ర వేసుకునే ముందు ఈ రెండూ గమనించుకుంటే కారణం చాలావరకు మీకే అర్థమవుతుంది.

చల్లనిది తగలగానే జివ్వుమంటోంది

చల్లటి నీళ్లు తగిలినప్పుడు జివ్వుమని, కొన్ని సెకన్లలోనే పోతుంటే కంగారు పడక్కర్లేదు. పంటి నరం ఇంకా బాగానే ఉందని అర్థం. పంటి పైనున్న గట్టి పొర (ఎనామిల్) అరిగిపోయో, చిగురు కిందికి జారి వేరు బయటపడో, పుచ్చు మొదలయ్యో లోపలి పొరకు చలి తగులుతోంది.

నడివయసు వాళ్లలో ఎక్కువగా కనిపించేది తోముడు వల్ల వచ్చిన అరుగుదలే. చిగురు అంచున పంటి మీద గోటితో తడిమితే చిన్న గాడి తగులుతుంది. గట్టి బ్రష్‌తో రంపం కోసినట్టు అడ్డంగా తోమేవాళ్లకూ, ఇటుక పొడి, బొగ్గు పొడి వాడేవాళ్లకూ ఇది తప్పదు. మెత్తటి బ్రష్‌కు మారి, సెన్సిటివిటీ పేస్టు రెండు పూటలా కొన్ని వారాలు వాడాలి. రెండు రోజులు వాడి పని చేయలేదని పారేస్తే ఉపయోగం లేదు. గాడి లోతుగా ఉంటే ఫిల్లింగ్ చేయించుకోవాలి.

చేపల పులుసు తిన్నా, గూడూరు నిమ్మకాయ సోడా తాగినా వెంటనే బ్రష్ పట్టుకోకండి. పులుపుకు ఎనామిల్ కాసేపు మెత్తబడి ఉంటుంది. నీళ్లతో పుక్కిలించి, అరగంట ఆగి తోముకోండి.

రాత్రిపూట దానంతటదే మొదలై నిద్ర పట్టనివ్వడం లేదు

ఇది వేరే కథ. ఏమీ తినకపోయినా నొప్పి మొదలవడం, వేడి కాఫీకి ఎక్కువై నిమిషాల తరబడి లాగడం, పడుకుంటే పెరగడం, చెవిలోకి, కణతలోకి పాకడం చూస్తే పుచ్చు నరం దాకా పోయిందని అనుకోవచ్చు. ఈ దశలో సిమెంట్ పెట్టించినా ఆగదు. రూట్ కెనాల్ (చెడిపోయిన నరాన్ని తీసి, లోపల శుభ్రం చేసి పూడ్చడం) చేయించుకోవాలి, లేదంటే పన్ను తీయించుకోవాలి. ఏది కుదురుతుందో ఎక్స్‌రే చూసి చెబుతారు. నిలబెట్టగలిగిన పన్నును నిలబెట్టుకోవడమే మంచిదని నా అభిప్రాయం. దవడ పన్ను ఒకటి పోతే పక్కది ఆ ఖాళీలోకి ఒరుగుతుంది, ఎదురుగా ఉన్నది దిగుతుంది.

రూట్ కెనాల్‌లో జనం చేసే పొరపాటు మధ్యలో ఆపేయడం. మొదటిసారి కూర్చున్నప్పుడే నొప్పి పోతుంది కాబట్టి మళ్లీ పోరు. పూర్తి చేయించుకున్నవాళ్లలోనూ కొందరు డబ్బులు చూసుకుని క్యాప్ వేయించుకోరు. పుచ్చుకూ, చికిత్సకూ చాలా భాగం పోయిన దవడ పన్ను పెళుసుగా ఉంటుంది. ఏ జంతిక కొరికినప్పుడో నిలువునా చీలితే ఇక పీకడమే మిగులుతుంది. పెట్టిన ఖర్చంతా వృథా.

డాక్టరు దగ్గరకు పోయేలోగా లవంగ నూనె వాడొచ్చు. దూదికి ఒక చుక్క అద్ది పుచ్చులో మాత్రమే పెట్టాలి, చిగురుకు తగిలితే కాలుతుంది. ఆస్పిరిన్ మాత్రను పంటి పక్కన ఇరికించుకునే అలవాటు మానాలి. దానివల్ల అక్కడి చర్మం తెల్లగా ఉడికిపోతుంది. ఇక వాకుడు గింజల పొగ పట్టి పంటి పురుగులు రాల్చి చూపిస్తామంటారే, ఆ రాలేవి పురుగులు కావు. పుచ్చుకు కారణం కంటికి కనపడని సూక్ష్మజీవులు, వాటికి మనం పెట్టే తీపి.

వారం రోజులు చంపుకు తిన్న నొప్పి ఒక పొద్దున హఠాత్తుగా మాయమైతే సంతోషించకండి. నరం చచ్చిపోయి ఉంటుంది. తర్వాత వచ్చేది చీము.

కొరికితేనే నొప్పి

కొత్తగా ఫిల్లింగో క్యాపో పెట్టించుకున్నాక ఇలా ఉంటే అది కాస్త ఎత్తుగా ఉండి ఉంటుంది. తిరిగి పోతే అయిదు నిమిషాల్లో అరగదీసి సరిచేస్తారు. అలాంటిదేమీ లేకుండా, కొరికి వదిలేటప్పుడు చురుక్కుమంటుంటే పంట్లో పగులు ఉండొచ్చు. పగులు కొన్నిసార్లు ఎక్స్‌రేలో కనపడదు కాబట్టి ఏ వైపు కొరికితే వస్తోందో డాక్టరుకు వివరంగా చెప్పాలి.

బుగ్గ వాచింది

వేరు కింద చీము చేరింది. యాంటీబయాటిక్‌తో వాపు దిగినా, చీముకు మూలమైన పన్ను అలాగే ఉంటే మళ్లీ వస్తుంది. బయటి నుంచి వేడి కాపడం పెట్టకండి. వాపు కంటి వైపు పాకినా, దవడ కిందకూ మెడకూ దిగినా, మింగడం, నోరు తెరవడం, ఊపిరి తీయడం కష్టమైనా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. ఒంగోలు, నెల్లూరు లాంటి చోట పెద్దాసుపత్రికి అప్పటికప్పుడే తీసుకుపోవాలి.

పళ్ల మీద మచ్చలు: గారా, ఫ్లోరైడా?

ప్రకాశం పడమటి మండలాల్లోనూ, ఉదయగిరి వైపూ ఈ ప్రశ్నకు జవాబు తెలియక జనం డబ్బులు పోగొట్టుకుంటున్నారు. క్లీనింగ్ చేయించుకున్నా మచ్చలు పోలేదని డాక్టరును తిట్టుకుంటారు. అవి పైన పట్టిన మచ్చలైతే కదా పోయేది!

గార చిగురు అంచున, ముఖ్యంగా కింది ముందు పళ్ల వెనక, గట్టిగా గరుకుగా పేరుకుంటుంది. క్లీనింగ్‌తో పోతుంది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ అనే లవణం ఎక్కువై వచ్చే మచ్చ ఎనామిల్‌లోనే ఉంటుంది. కుడి పన్ను మీద ఉంటే దాని జత ఎడమ పన్ను మీదా ఉంటుంది. మొదట సుద్ద రంగు చారలు, తర్వాత గోధుమ మరకలు, ముదిరితే గుంటలు. పాల పళ్లు తెల్లగా ఉన్న పిల్లకు ఏడేళ్లప్పుడు మచ్చలతో కొత్త పళ్లొస్తే తల్లిదండ్రులు హడలిపోతారు. ఆ పళ్లు చిగురు లోపల తయారవుతున్న ఏళ్లలో తాగిన నీళ్ల ఫలితం అది. ఎనిమిదేళ్లు దాటాక ఆ నీళ్లు తాగినా ముందు పళ్లకు కొత్తగా మచ్చలు రావు. ఎముకలకు మాత్రం ముప్పు ఏ వయసులోనైనా ఉంటుంది.

ఇది ఇవాళ్టి సమస్య కాదు. దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బును (ఫ్లోరోసిస్) మొట్టమొదట వైద్య పత్రికల్లో నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో కాబట్టి కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పుడు నెల్లూరులోనే ఉండేవి.

నివారణ నీళ్లలోనే ఉంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే 1.5 దాకా పర్వాలేదని మన జాతీయ ప్రమాణం. ఒకే ఊళ్లో ఒక బోరు మంచిదై, ఇంకొకటి చెడ్డది కావచ్చు, కాబట్టి పక్కింటివాళ్ల మాట మీద కాకుండా గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో మీ బోరు నీళ్లు పరీక్ష చేయించండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో ఫిల్టరుతో తగ్గుతుంది. పిలకాయలకు ఇచ్చే నీళ్లతో పాటు పాలు కలిపే నీళ్లూ, వంట నీళ్లూ మంచివై ఉండాలి.

ఉన్న మచ్చలకు దారి లేకపోలేదు. తేలికపాటివాటికి పైపొరను కొద్దిగా అరగదీసి పాలిష్ చేయడం, బ్లీచింగ్ సరిపోతాయి. ముదురు మచ్చలకు పంటి రంగు ఫిల్లింగ్ పదార్థం (కాంపోజిట్)తో కప్పడం, పంటి ముందు అతికించే పలుచని పెంకులు (వెనీర్లు), గుంటలు బాగా పడితే క్యాపులు. పెళ్లి సంబంధం కుదిరిందని హడావుడిగా వచ్చి మంచి పళ్లను కూడా అరగదీయించుకుని క్యాపులు వేయించుకోవడం నాకు నచ్చదు. చిన్న చికిత్సతో మొదలుపెట్టమని అడగండి.

నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని పెద్దవాళ్లు పేస్టు మానేయక్కర్లేదు. తయారైపోయిన పంటికి పేస్టు వల్ల మచ్చ రాదు. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా శనగ గింజంత పెట్టి, మింగకుండా దగ్గరుండి ఉమ్మించాలి. మచ్చలున్న ఊళ్లలో పిల్లలకు ఏ పేస్టు వాడాలో పిల్లల పళ్ల డాక్టరును అడగడం మేలు.

పిలకాయల పళ్లు

"పాల పళ్లే కదా, ఊడిపోతాయి" అంటారు. పాల దవడ పళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉండాలి. ముందే పీకేస్తే వెనకవి జరిగి, కింద నుంచి వచ్చేవాటికి చోటు ఉండదు. వంకర పళ్లకు అదొక కారణం. రెండేళ్ల బిడ్డకు పై ముందు పళ్లు గోధుమ రంగులోకి మారి విరిగిపోతుంటే, రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతోందేమో చూడండి. సీసా మానిపించి, ఫిల్లింగ్ చేయించాలి. మరీ చిన్న పిల్లలకు పుచ్చు పెరక్కుండా ఒక మందు పూస్తారు. అది పూసిన చోట నల్లబడుతుంది, దానికి టెన్షన్ పడొద్దు.

ఆరేళ్లప్పుడు పాల పళ్ల వెనక, ఏదీ ఊడకుండానే ఒక దవడ పన్ను వస్తుంది. అది జీవితాంతం ఉండాల్సింది. పాల పన్ననుకుని వదిలేయడంతో ముందుగా పుచ్చిపోయేదీ అదే. దాని పైన గాడులు పూడ్చే సీలెంట్ వేయిస్తే చాలావరకు కాపాడుకోవచ్చు.

కింద పాల పన్ను ఊడకముందే వెనక కొత్తది వస్తే, పాలది కదులుతున్నంత వరకు ఆగొచ్చు. రెండు మూడు నెలలైనా కదలకపోతే తీయించాలి. ఎనిమిదేళ్లప్పుడు పై ముందు పళ్ల మధ్య సందు చూసి బ్రేసెస్ కోసం పరుగెత్తకండి. కోర పళ్లు వచ్చాక చాలామందికి అదే మూసుకుంటుంది.

ఆటలో పన్ను ఊడిపడితే, శాశ్వత పన్ను అయితే, తెల్ల భాగం పట్టుకుని తీసి, మట్టి ఉంటే ఒక్కసారి నీళ్లలో కడిగి, వేరును రుద్దకుండా అదే గుంటలో పెట్టాలి. కుదరకపోతే పాలల్లో వేసి అరగంటలో, గంట దాటకుండా డాక్టరు దగ్గర ఉండాలి. పాల పన్నును తిరిగి పెట్టకూడదు.

తోముతుంటే చిగుళ్లలో రక్తం

దీనికి కారణం పాచి, గార. రక్తం వస్తోందని తోమడం మానేస్తే ఇంకా పెరుగుతుంది. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్నది అపోహ. గార పోయాక దాని చోట ఖాళీ కనపడుతుంది, అంతే. పళ్లు కదులుతుంటే, చిగుళ్లు మాటిమాటికీ వాస్తుంటే షుగర్ పరీక్ష కూడా చేయించుకోండి.

నోరు తెరుచుకోవడం లేదు, పుండు మానడం లేదు

పొగాకు పండించే జిల్లాలో ఇది చెప్పక తప్పదు. గుట్కా, వక్క, ఖైనీ వాడేవాళ్లకు కారం తగిలితే మంట, బుగ్గ లోపల తెల్లగా గట్టిపడటం, మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోవడం కనిపిస్తే అలవాటు ఆ రోజే ఆపాలి. రెండు మూడు వారాలు దాటినా మానని పుండు, ఎర్ర మచ్చ, తెల్ల మచ్చ క్యాన్సర్ కావచ్చు, నొప్పి లేకపోయినా చూపించుకోవాలి. నొప్పి లేదు కదా అని ఆగినవాళ్లే ఆలస్యంగా వస్తున్నారు.

పన్ను తీయించుకున్నాక

పై పన్ను తీయిస్తే చూపు పోతుందన్న భయం వదిలేయండి, దానికీ కంటికీ సంబంధం లేదు. తీయించుకునే ముందు షుగర్, బీపీ, గుండె జబ్బు, రక్తం పలచబడే మాత్రల సంగతి చెప్పాలి. ఆ మాత్రలు సొంతంగా ఆపకూడదు. తీశాక దూదిని అరగంటకు పైగా గట్టిగా కొరికి పట్టి, ఆ రోజంతా ఉమ్మకుండా, పుక్కిలించకుండా, స్ట్రాతో తాగకుండా, బీడీ సిగరెట్ ముట్టకుండా ఉండాలి. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించవచ్చు. తగ్గుతూ వచ్చిన నొప్పి మూడో రోజో నాలుగో రోజో చెవి దాకా పోట్లతో తిరగబెడితే, గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోయి ఉంటుంది. మాత్రలు పెంచకుండా తీసిన డాక్టరు దగ్గరికే పోతే గుంట కడిగి మందు పెడతారు, అదే రోజు నొప్పి తెరిపినిస్తుంది.