వేడినీటి బుగ్గల చికిత్స: కృత్రిమ మేధతో వైద్య ఆధారాలను పరిశీలించే పద్ధతి

వేడినీటి బుగ్గలో స్నానం చేస్తే మోకాళ్ల నొప్పి తగ్గుతుందా అని చాట్‌బాట్‌ను అడిగితే, తగ్గుతుందన్న జవాబు క్షణంలో రావచ్చు. ఎవరికి, ఏ నీటితో, ఎన్ని రోజులు, దేనితో పోల్చి చూశారో చెప్పని జవాబు ఎవరికీ ఉపయోగపడదు. అందుకే ముందుగా ప్రశ్నను ఇలా కాగితం మీద పెట్టుకోవాలి: మోకాళ్ల అరుగుదల ఉన్న పెద్దవారిలో, ఖనిజాలున్న వేడినీటి స్నానం మామూలు వేడినీటి స్నానం కంటే ఎక్కువగా నొప్పిని తగ్గిస్తుందా, తగ్గిస్తే ఆ ఫలితం ఆరు నెలల తర్వాత కూడా నిలుస్తుందా?

వెతుకులాటలో కృత్రిమ మేధ బాగా అక్కరకొస్తుంది. ఈ చికిత్సను కొందరు బాల్నియోథెరపీ అనీ, కొందరు స్పా థెరపీ అనీ, ఫ్రాన్సులో క్రెనోథెరపీ అనీ రాస్తారు కాబట్టి పర్యాయపదాలన్నింటినీ దానిచేత రాయించుకుని, వైద్య పత్రాల ఆన్‌లైన్ సూచిక అయిన పబ్‌మెడ్‌లోనూ, వైద్య ప్రయోగాల సమీక్షల భాండాగారమైన కోక్రేన్ లైబ్రరీలోనూ మనమే వెతకాలి. పరిశోధన పత్రాల జాబితాను మాత్రం చాట్‌బాట్‌ను అడగకూడదు. లేని పత్రానికి నమ్మదగిన శీర్షిక కల్పించి ఇవ్వడం దానికి కొత్త కాదు. జపనీస్, ఫ్రెంచ్ భాషల్లోని పత్రాలను చదవడానికి దాని అనువాదం మేలు చేస్తుంది.

ఒక అంశంపై జరిగిన ప్రయోగాలన్నింటినీ ఒకచోట చేర్చి బేరీజు వేసే కోక్రేన్ సమీక్షలతో మొదలుపెడితే శ్రమ తగ్గుతుంది. కీళ్ల అరుగుదలపై 2007లో వచ్చిన సమీక్షలో 7 ప్రయోగాలు, 498 మంది రోగులు ఉన్నారు; రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (కీళ్లవాతం)పై 2015 నాటి సమీక్షలో 9 ప్రయోగాలు, 579 మంది ఉన్నారు. ఇంత చిన్న సంఖ్యల మీద ఎంత గట్టి మాట చెప్పగలమో చదివేవారు మొదటే ఆలోచించుకోవాలి.

తర్వాత ఒక్కొక్క పత్రాన్ని పూర్తిగా చాట్‌బాట్‌కు ఇచ్చి పట్టిక చేయించాలి. ప్రతి అంకె పక్కన ఆ అంకె ఉన్న మూలవాక్యాన్ని యథాతథంగా పెట్టమని, దొరకని చోట "పత్రంలో లేదు" అని రాయమని ఆదేశించాలి. ఆ వాక్యాలను అసలు పత్రంతో మనమే సరిపోల్చాలి. ఎంత విసుగనిపించినా ఈ పనిని వదలకూడదు.

ఫ్రాన్సులో మోకాళ్ల అరుగుదలపై జరిపి 2010లో ప్రచురించిన ప్రయోగాన్ని చూడండి. అందులో 462 మంది చేరారు, కానీ ఫలితాల లెక్కలోకి 382 మందే వచ్చారు. ఆరు నెలల తర్వాత స్పా చికిత్స పొందిన 195 మందిలో 99 మందికి, పొందని 187 మందిలో 68 మందికి గుర్తించదగిన మెరుగుదల కనిపించింది. చాట్‌బాట్ దీన్ని "వేడినీటి స్నానం పనిచేస్తుంది" అని కుదించేస్తే నిజం తప్పిపోతుంది. రెండు గుంపులూ ఇంట్లో వ్యాయామం చేశాయి. ఒక గుంపుకు అదనంగా 18 రోజుల పాటు మర్దన, బురదపట్టు, నీటి ధారలు, కొలనులో వ్యాయామం కలిపి ఇచ్చారు. మేలు నీటిదో, మర్దనదో, విశ్రాంతిదో ఈ పోలిక తేల్చలేదు. పైగా తమకు ఏ చికిత్స అందుతోందో రోగులకు తెలుసు, జీవన నాణ్యత కొలమానంలో తేడా రాలేదు. కాబట్టి "పోల్చిన గుంపుకు ఏమిచ్చారు, రోగులకు తెలుసా, ఏ కొలమానంలో తేడా రాలేదు" అన్న మూడు ప్రశ్నలను ప్రతి పత్రానికీ విడిగా అడగాలి. హంగేరీ పరిశోధకులు కొందరు ఖనిజ జలాన్ని వేడిచేసిన కుళాయి నీటితో పోల్చారు. నీటి ప్రభావం తెలియాలంటే అలాంటి ప్రయోగాలకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

హాని గురించి వేరుగా వెతకాలి. 2002లో జపాన్‌లోని హ్యూగాలో ఒక వేడినీటి స్నానశాల నుంచి న్యుమోనియా కలిగించే లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా వ్యాపించి 7 గురు మరణించారు. ఇటువంటివి చికిత్సా ప్రయోగాలలో కనబడవు, వ్యాధి వ్యాప్తి నివేదికలలో ఉంటాయి. పట్టికలో దుష్ప్రభావాల గడి ఖాళీగా వస్తే "ప్రమాదం లేదు" అని చాట్‌బాట్‌ను రాయనివ్వకుండా, "నమోదు చేయలేదు" అని మనమే దిద్దాలి.