శాపం పెట్టేముందు బాకీ రాసుకోండి

డైలీ సీరియల్‌కి ఒక వంశశాపం రాసిపెట్టమని వచ్చేవాళ్ళు ముందుగా చెప్పేది ఒకటే. "మేడం, పాత బంగళా ఉంది, తెల్లచీర ఉంది, కావాలంటే పాము కూడా పెడదాం." నేను అడిగేదీ ఒకటే. "సరే నాయనా, ఎవరు ఎవరికి ఎంత బాకీ?"

నాది ఒంగోలు. లాయర్‌పేటలో మా మిద్దె మీద గదిలో కూర్చుని పదకొండేళ్ళు సీరియళ్ళకి ఎపిసోడ్లు రాశాను. శాపాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. బాకీల మీద ఉంది. పొగాకు పండే ఊళ్ళో పుట్టినదాన్ని కదా.

మా నానమ్మది సింగరాయకొండ పక్క పల్లె. ఆమె లెక్కలో తిట్టు వేరు, ఉసురు వేరు. "ఒట్టి నోటితో తిడితే తగలదబ్బా, కడుపు మండాల" అనేది. పేరంటాలమ్మ కథ ఏది చెప్పినా ఆమె ముందు చెప్పేది ఆ ఆడమనిషికి ఆ ఇంట్లోవాళ్ళు ఏం ఎగ్గొట్టారన్నదే. దయ్యం తర్వాత వచ్చేది. మీరూ అదే వరస పాటించండి. మొదటి రోజు దయ్యం జోలికి పోకుండా, ఎగ్గొట్టిన సంగతి ఒక్క పేజీలో రాసుకోండి.

నేను రాసుకున్న పేజీ చెబుతాను. టంగుటూరు దగ్గర ఒక పెద్దింటివాళ్ళ పొగాకు బ్యారన్. బ్యారన్ చూడనివాళ్ళ కోసం: నాలుగు గోడల ఎత్తైన గది, లోపల వరసలు వరసలుగా కర్రలకు కట్టిన పచ్చాకు, నేల మీద ఇనప గొట్టాలు. బయట పొయ్యిలో కట్టెలు మండితే వేడి ఆ గొట్టాల్లో తిరుగుతుంది. 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర్లో మొదలుపెట్టి, ఆకు పసుపు తిరిగాక మెల్లగా పెంచుకుంటూ, ఈనె ఎండేసరికి 160 దాకా తీసుకుపోవాలి. ఐదారు రోజులు, రాత్రీ పగలూ ఒక మనిషి ఆ మంట దగ్గరే ఉండాలి. ఎండిన ఆకు ఒక్కటి జారి గొట్టం మీద పడితే చాలు, బ్యారన్ మొత్తం అంటుకుంటుంది. ఇంతకన్నా భయపెట్టే బంగళా మన జిల్లాలో ఇంకెక్కడుంది చెప్పండి!

ఆ బ్యారన్ తగలబడింది. మంట చూసే మనిషి కునుకు తీశాడని యజమాని సీజన్ కూలి ఆపేశాడు. 600 రూపాయలు. అతను నిజంగా కునుకు తీశాడా? చివరిదాకా చెప్పకండి. యజమాని పూర్తిగా దుర్మార్గుడైతే శాపం తగిలిన రోజే ప్రేక్షకులకు సంతోషం, మర్నాటికి ఆ కథలో పని ఉండదు.

ఇక శాపం పెట్టే రోజు. ఊళ్ళో అందరికీ గుర్తున్న రోజుకి దాన్ని ముడేయండి. నేను 1989 నవంబరు తీసుకున్నాను, కావలి దగ్గర తీరం దాటిన తుఫాను. గాలి లేస్తోంది. ఆరేళ్ళ పిల్ల కొంగు పట్టుకుని ఉంటే మంట చూసేవాడి భార్య కోటమ్మ గేటు దగ్గర నిలబడి కూలి అడుగుతోంది. ఇంటి ఇల్లాలు లోపలినుంచే, "దీపాలు పెట్టేవేళ ఇంట్లోంచి డబ్బు బయటికి పోకూడదు, రేపు రా" అని గేటు వేయిస్తుంది. ఆమె దుర్మార్గురాలేం కాదు, ఆచారం పాటించిందంతే. కోటమ్మ అరవదు. "మీ ఇంట్లో దీపం పెట్టే పొద్దుకి రావాల్సిన మనిషి రాడమ్మా" అని పిల్లని చంకనేసుకుని గాలిలోకి వెళ్ళిపోతుంది.

ఆ వాక్యం మీద నేను నాలుగు రోజులు కూర్చున్నాను. "మీ వంశం నాశనమైపోను" అని రాస్తే ఐదు నిమిషాల పని, కానీ దానితో ఏం చేస్తాం? నాశనం అంటే చావే, చావు ఒకసారే వస్తుంది. "రావాల్సిన మనిషి రాడు" అంటే లారీ కింద పడొచ్చు, తాగి బస్టాండులో పడుకోవచ్చు, ఇంకో ఇంటికి పోవచ్చు, గేటు దాకా వచ్చి లోపలికి రాకుండా నిలబడనూవచ్చు. శాపంలో ఒక వేళ ఉండాలి, ఒక గుమ్మం ఉండాలి, రోజూ చేసే పని ఒకటి ఉండాలి. అప్పుడు ప్రతి సాయంత్రం మీకు ఒక సీను ఉచితంగా వస్తుంది.

ప్రేమ సంగతికొస్తే, విడదీస్తే పని అయిపోదు. మన భారతంలో పాండురాజుని చూడండి. జింక రూపంలో భార్యతో ఉన్న కిందముణ్ణి బాణంతో కొట్టాడు, భార్యతో కలిస్తే చస్తావని శాపం తెచ్చుకున్నాడు. కుంతీ మాద్రీ ఇద్దరూ అడవిలో పక్కనే ఉన్నారు. వసంతం వచ్చేదాకా ఏళ్ళ తరబడి ఒకే కప్పు కింద నడిచిన కథ అది. మనక్కావలసిందీ ఒకే కప్పే. నా కథలో ఆ పెద్దింటి కోడలు లావణ్య సాయంత్రం వత్తి వేసి, నూనె పోసి, అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని ఆగుతుంది. భర్త నెల్లూరు నుంచి పినాకిని రైల్లో రావాలి. ఫోన్ అరుగు మీద బోర్లా పెట్టి ఉంటుంది. దీపం పెడితే రాడేమోనని భయం, పెట్టకపోతే అత్త ఊరుకోదు. ఆమె పుల్ల గీసి ఆర్పేస్తుంది, మళ్ళీ గీస్తుంది. డైలాగు వద్దు.

అమెరికాలో 1966 నుంచి 1971 దాకా డార్క్ షాడోస్ అని పగటిపూట సీరియల్ ఒకటి వచ్చింది, 1225 ఎపిసోడ్లు. మైకు నీడలు కనిపించేవి, గోడలు ఊగేవి, అయినా జనం చూశారు. అందులో బార్నబస్ అనేవాడు పనిమనిషి ఏంజలిక్‌తో తిరిగి, జోసెట్‌ని పెళ్ళాడబోతాడు. ఏంజలిక్ శాపంతో రక్తం తాగే పిశాచమవుతాడు, పైగా అతన్ని ప్రేమించినవాళ్ళు బతకరు. అందరూ దాని గురించే చెబుతారు. నాకు అంతకన్నా గొప్పగా అనిపించింది క్వెంటిన్ కథ. అతను భార్యని చంపుతాడు. ఆమె అక్క మాగ్డా అతను తోడేలుగా మారేట్టు శాపం పెట్టి, అది అతని సంతానానికీ తగలాలంటుంది. తర్వాత తెలుస్తుంది, చచ్చిపోయిన చెల్లెలికి కవలలున్నారని. అంటే శాపం పోయి తన చెల్లెలి బిడ్డకే తగులుతుంది! ఇక మాగ్డా తను పెట్టిన శాపాన్ని తీసెయ్యడానికి నానా తంటాలు పడుతుంది.

ఈ మలుపు ఎక్కడ చూసినా పనిచేస్తుంది. అందుకే లావణ్యని కోటమ్మ మనవరాల్ని చేశాను. కొంగు పట్టుకుని గేటు దగ్గర నిలబడిన ఆ ఆరేళ్ళ పిల్ల కూతురే లావణ్య. పెళ్ళయ్యేదాకా రెండు వైపులా ఎవరికీ తెలియదు. తెలిశాక ముసలిదానికి నిద్ర పట్టదు.

వేగం గురించి ఒక్క మాట. మొదటిసారి యాక్సిడెంట్ అనిపించాలి. రెండోసారి పనిమనిషి నోరు నొక్కుకోవాలి. మూడోసారి ఇంట్లో ఎవరో ఒకరు వేళ్ళు మడిచి లెక్కపెట్టాలి. అంతవరకు "శాపం" అన్న మాట ఏ పాత్రా అనకూడదు. నా సీరియల్ ఒకదానిలో రేటింగ్ టెన్షన్‌తో ఛానెల్‌వాళ్ళు నలభయ్యో ఎపిసోడ్‌లోనే గ్రాఫిక్స్ పాముని దించారు. ఆ ఛానెల్ పేరు అనవసరం. పాము వచ్చాక భర్త ఆలస్యంగా వస్తే ఎవరికి పట్టింది? రెండు నెలల్లో మూసేశారు.

విమోచనం మాత్రం మొదటి రోజే రాసి దాచుకోండి. శాపం దేనితో ముడిపడిందో దాన్ని తిరగేస్తే చాలు. నా కథలో దీపాలవేళ గేటు వేసి డబ్బు ఆపారు, కాబట్టి దీపాలవేళే గేటు తీసి డబ్బు ఇవ్వాలి. ఇచ్చేది ఆ ఇంటి ఆడమనిషే అయ్యుండాలి. లావణ్య అత్త మాట కాదని 600 రూపాయలు కొంగులో కట్టుకుని అమ్మమ్మ గుడిసెకి పోతుంది. చూపు ఆనని కోటమ్మ నోట్లు తడిమి తడిమి లెక్కపెట్టుకుని అంటుంది, "మరి వడ్డీ ఎవరిస్తారే?"

అక్కడ ఎపిసోడ్ ఆపండి. ఇంకో నలభై ఎపిసోడ్లు వస్తాయి.