ఈమాక్స్‌లో గ్నూస్ సెట్టింగ్స్ ఫైల్ లోడ్ కాకపోతే

ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ మామూలుగానే తెరుచుకుంటుంది. మెయిల్ చూద్దామని అందులోని మెయిల్ ప్రోగ్రామ్ గ్నూస్ మొదలుపెడితే మాత్రం "ఎర్రర్ ఇన్..." అని ఆగిపోతుంది. తప్పు గ్నూస్ సెట్టింగ్స్ ఫైల్ ~/.గ్నూస్.ఈఎల్‌లో ఉంది. ఆ ఫైల్‌ను చదివేది గ్నూస్ మొదలైనప్పుడే, అందుకే అంతవరకూ ఏమీ బయటపడదు. తప్పు తగిలిన చోటికి పైనున్న సెట్టింగ్స్ అమలైపోతాయి, కిందివి అసలు అమలు కావు.

ముందు అసలు ఎర్రర్‌ను రాబట్టాలి. గ్నూస్ దాన్ని కుదించేస్తుంది. వేరియబుల్‌కు విలువ లేదన్న మాట పోయి, ఉత్త పేరే మిగులుతుంది. ఆల్ట్-ఎక్స్ నొక్కి టాగుల్-డీబగ్-ఆన్-ఎర్రర్ ఇచ్చి, గ్నూస్ మళ్లీ నడపండి. అప్పుడు వచ్చే బ్యాక్‌ట్రేస్‌లో (ఎర్రర్ దాకా నడిచిన ఫంక్షన్ల జాబితా) ఈవల్-బఫర్ ఉన్న వరుస చివర "రీడింగ్ ఎట్ బఫర్ పొజిషన్ 412" లాంటిది ఉంటుంది. ఫైల్ తెరిచి ఆల్ట్-ఎక్స్ గోటు-చార్, 412 ఇవ్వండి. కర్సర్‌కు ముందు ముగిసిన బ్రాకెట్ల గుంపే దోషి.

"ఎండ్ ఆఫ్ ఫైల్ డ్యూరింగ్ పార్సింగ్" వస్తే ఎక్కడో బ్రాకెట్ గానీ కోట్ గానీ మూయలేదు. ఫైల్ చివర వెతకకండి, ఆల్ట్-ఎక్స్ చెక్-పేరెన్స్ కర్సర్‌ను జత లేని గుర్తు దగ్గరికి తీసుకెళ్తుంది. "స్ట్రేంజ్ కోట్" అంటే ఎక్కడినుంచో కాపీ చేసిన వంకర కోట్లు వచ్చి పడ్డాయి. వాటిని చెరిపి కీబోర్డ్‌తో మళ్లీ టైప్ చేయాలి.

గ్నూస్-సెకండరీ-సెలెక్ట్-మెథడ్స్‌కు (అదనపు మెయిల్ అకౌంట్ల జాబితా) విలువ లేదని ఈమాక్స్ తెరిచేటప్పుడే వస్తే, దానికి అకౌంట్ చేర్చే యాడ్-టు-లిస్ట్ వరుసను ఇనిట్ ఫైల్‌లో (ఈమాక్స్ తెరవగానే చదివే దాని సొంత సెట్టింగ్స్ ఫైల్) పెట్టారన్నమాట. అప్పటికి గ్నూస్ లోడ్ కాలేదు. ఆ వరుసను ~/.గ్నూస్.ఈఎల్‌లోకి మార్చండి.

ఎర్రర్ లేదు, కానీ మార్పులూ కనబడటం లేదా? పక్కన పాత .గ్నూస్.ఈఎల్‌సీ ఉందేమో చూడండి. కంపైల్ చేసిన ఆ ఫైలే ముందు లోడవుతుంది. దాన్ని తీసేయండి, లేదా ఇనిట్ ఫైల్‌లో లోడ్-ప్రిఫర్-న్యూయర్‌కు టీ (అవును అనే విలువ) ఇవ్వండి. ఈమాక్స్‌ను -క్యూతో (ఇనిట్ ఫైల్ చదవొద్దనే ఆప్షన్) తెరిస్తే గ్నూస్ కూడా తన ఫైల్ చదవదు. ఆ పరీక్షను నమ్మకండి.

సరిచేశాక గ్రూప్ బఫర్‌లో (గ్నూస్ మొదటి తెర) చిన్న ఆర్ నొక్కితే ఫైల్ మళ్లీ చదువుతుంది. అయితే మీరు తీసేసిన వరుసల ప్రభావం దానితో పోదు. అలాంటప్పుడు క్యూ నొక్కి గ్నూస్ మూసి, ఈమాక్స్‌నే మళ్లీ తెరవాలి.