సగంలో తెగిన ఫైలును మళ్లీ మొదటి నుంచి పంపనక్కరలేదు

పాత కంప్యూటర్ల మధ్య మోడెమ్ (ఫోను లైను ద్వారా కంప్యూటర్లను కలిపే పరికరం) మీద ఫైలు పంపుతుంటే, 90 శాతం అయ్యాక లైను తెగిపోవడం ఎంత ఉసూరుమనిపిస్తుందో పడినవాళ్లకే తెలుసు. రెండు 56కె (సెకనుకు 56 కిలోబిట్ల) మోడెములు నేరుగా మాట్లాడుకున్నా వేగం సెకనుకు 33.6 కిలోబిట్లు దాటదు. 1 ఎంబీకి సుమారు 5 నిమిషాలు పడుతుంది.

ముందుగా ఫైలును జిప్ చేయండి. పాత విండోస్‌తో వచ్చే హైపర్‌టెర్మినల్ ప్రోగ్రాములో పంపేవారు ఏటీడీటీ (ATDT, డయల్ చేయమనే ఆదేశం) తరువాత నంబరు కొట్టాలి, రింగు రాగానే అందుకునేవారు ఏటీఏ (ATA, కాల్ అందుకోమనే ఆదేశం) కొట్టాలి. ప్రోటోకాల్ (ఫైలు పంపే పద్ధతి) దగ్గర ఇద్దరూ క్రాష్ రికవరీ, అంటే తెగినచోటి నుంచి కొనసాగించే సౌకర్యం, ఉన్న జెడ్‌మోడెమ్‌నే ఎంచుకోవాలి. ఎక్స్‌మోడెమ్‌తో ఈ సౌకర్యం లేదు. లైను తెగితే సగం వచ్చిన ఫైలును చెరపకండి. మళ్లీ డయల్ చేసి అదే పేరుతో, అదే ఫోల్డరులోకి పంపితే ఆగినచోటి నుంచే సాగుతుంది. నాకు ఎన్ని గంటలు మిగిలాయో! కాల్ వెయిటింగ్ ఉంటే ముందే ఆపేయండి, లైను తెగడానికి చాలాసార్లు ఆ బీప్ శబ్దమే కారణం.

ఒక్క జాగ్రత్త: మధ్యలో అసలు ఫైలును మార్చినా, మళ్లీ జిప్ చేసినా ఈ పద్ధతి పనికిరాదు. పాత ముక్కకు కొత్త ముక్క అతుక్కుని జిప్ తెరుచుకోదు. అప్పుడు సగం ఫైలును తీసేసి మొదటి నుంచి పంపాల్సిందే.