పేదరికం, పర్యావరణం: ప్రణాళికలోని మాట బడ్జెట్‌లో పద్దుగా మారాలంటే

అభివృద్ధి ప్రణాళికలో పర్యావరణానికి ఒక అధ్యాయం రాయించడం పెద్ద కష్టం కాదు. దానికి పద్దు, కేటాయింపు, కొలవదగిన సూచిక తోడు కాకపోతే మాత్రం ఆ అధ్యాయాన్ని మళ్లీ ఎవరూ తెరవరు. ప్రణాళికా శాఖల్లో పనిచేసేవారికీ, బడ్జెట్ పుస్తకాలు తిరగేసి ప్రశ్నలు వేసే సంఘాలకూ పనికొచ్చేలా ఆ దారి ఏమిటో చెబుతున్నాం.

నష్టాన్ని రూపాయల్లో చూపండి

ఆర్థిక శాఖ దగ్గర "ప్రకృతి అమూల్యం" అంటే ఫైలు కదలదు. ప్రకృతి పాడైనందుకు ఖజానా ఇప్పటికే ఎంత కడుతోందో చూపించాలి. ఇందుకు ఆఫ్రికా దేశం రువాండా మంచి పాఠం. ఆ దేశపు ఉత్తరాన ఉన్న రుగేజి చిత్తడి నేల నీళ్లు బురేరా సరస్సులో చేరతాయి. ఆ సరస్సుకూ, దిగువనున్న రుహోండోకూ మధ్య న్టారుకా జలవిద్యుత్ కేంద్రం ఉంది. సాగు కోసం చిత్తడిలో కాలువలు తవ్వి నీళ్లు బయటికి పంపేశారు, కొండవాలుల మట్టి కొట్టుకొచ్చింది, వానలూ తగ్గాయి, కేంద్రం నిర్వహణా సరిగా లేదు. 2003-04 నాటికి సరస్సు మట్టం పడిపోయి కరెంటు ఉత్పత్తి కుంగింది. డీజిల్ జనరేటర్లు అద్దెకు తెస్తే రోజుకు 65,000 డాలర్ల దాకా ఖర్చయింది. యూనిట్ ధర 167 శాతం పెరిగింది. చిత్తడి నేల సంగతి పర్యావరణ శాఖ గడప దాటి ఆర్థిక శాఖ బల్ల మీదికి చేరడానికి ఇలాంటి అంకెలే కావాలి.

మరో ఆఫ్రికా దేశం మలావీలో 2011లో వెలువడిన అధ్యయనం ఇదే పనిని దేశం మొత్తానికి చేసింది. సహజ వనరుల దుర్వినియోగం ఏటా స్థూల దేశీయోత్పత్తిలో 5.3 శాతాన్ని మింగేస్తోందని తేల్చింది. నేల కోతను అరికడితే 2005-15 మధ్య 18.8 లక్షల మంది పేదరికం నుంచి బయటపడతారని అంచనా కట్టింది. ఒకే లెక్కలో మట్టీ, మనుషులూ ఉన్నారు చూడండి.

ఇలాంటి లెక్కలతో ఆర్థిక శాఖకు మీరు పంపే నోట్ రెండు పేజీలు దాటనివ్వకండి. తాగునీటి ట్యాంకర్ల బిల్లులు, పంట నష్ట పరిహారం, జలాశయాల్లో పూడిక వల్ల తగ్గిన నిల్వ, కలుషిత నీటి జబ్బులకు అయ్యే మందుల ఖర్చు: ఇవన్నీ ప్రభుత్వ లెక్కల్లోనే దొరుకుతాయి. భవిష్యత్ ప్రయోజనాన్ని నేటి విలువకు తగ్గించే రేటు దగ్గర జాగ్రత్త. 20 ఏళ్ల తర్వాత వచ్చే 100 రూపాయలు 10 శాతం రేటుతో నేడు 15 రూపాయలే, 5 శాతంతో 38. చెట్ల, చెరువుల ఫలితం ఆలస్యంగా వస్తుంది కాబట్టి రెండు రేట్లతోనూ లెక్క ఇవ్వండి. ఒక్క రేటే ఇస్తే సమావేశంలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది.

పేదల వరుస విడిగా ఉండాలి

రుగేజిని కాపాడేందుకు చిత్తడిలో సాగును ఆపించారు. నీరు తిరిగి నిలిచింది, కరెంటూ వచ్చింది. కానీ అక్కడే సాగు చేసుకుని బతికే పేద కుటుంబాల మీద మొదటి దెబ్బ పడింది. ప్రయోజనం నగరంలో, భారం పల్లెలో. అందుకే ప్రతి ప్రతిపాదనలో మూడు గడులు తప్పనిసరి: ఇప్పుడు ఎవరు నష్టపోతారు, ఎన్నాళ్లు, ఆ కాలంలో వారి కూలీ, మేత, వంటచెరకు ఎక్కణ్నుంచి వస్తాయి. ఆ ఖర్చును పథకం అసలు వ్యయంలోనే కలపండి. "పునరావాసం వేరే పథకం కింద" అని రాస్తే అది ఎన్నటికీ రాదు.

క్యాలెండర్ దాటితే ఏడాది పోయినట్టే

వచ్చే ఏడాది ప్రతిపాదనలు పంపమని శాఖలను అడిగే మన కేంద్ర ఆర్థిక శాఖ బడ్జెట్ సర్క్యులర్ సాధారణంగా ఆగస్టు-సెప్టెంబరుల్లో వస్తుంది, బడ్జెట్ ఫిబ్రవరి 1న. శాఖల పరిమితులు ఖరారయ్యాక అడిగితే మిగిలేది చిల్లరే. సర్క్యులర్ రాకముందే, దాని ఫారాల్లో మీ ప్రశ్నలు చేరేలా చూడాలి. రువాండా చేసింది ఇదే: ప్రతి శాఖా తన ప్రతిపాదనతో పాటు పర్యావరణ, వాతావరణ ప్రశ్నావళిని కూడా నింపాలి. ఆ సర్క్యులర్ ఆర్థిక శాఖ పేరుతోనే వెళ్లాలి. అదే కాగితాన్ని పర్యావరణ శాఖ పంపితే మిగతా శాఖలు సలహాగా తీసుకుని పక్కన పెడతాయి.

గుర్తు వేయడం

ఏ ఖర్చు వాతావరణ పనులకు పోతోందో తెలిసేలా నేపాల్ 2013-14 నుంచి బడ్జెట్‌లో వాతావరణ కోడ్ అనే గుర్తు వాడుతోంది. పథకం వ్యయంలో 60 శాతం పైన వాతావరణ పనులకైతే అత్యంత సంబంధితం, 20 నుంచి 60 అయితే సంబంధితం, అంతకన్నా తక్కువైతే తటస్థం. ఉదాహరణకు 10 కోట్ల చెరువు పథకంలో 7 కోట్లు పూడికతీతకూ, గట్టు మీద మొక్కలకూ పోతే మొదటి గుర్తు. అలాగని మొత్తం 10 కోట్లూ పచ్చ ఖర్చని చెప్పుకోకూడదు. అసలైన వాటా 7 కోట్లే. అంకెలు ఉబ్బేది ఇక్కడే.

మన రాష్ట్రాల్లో కొత్త కోడ్ కోసం ఆగనక్కర్లేదు. బడ్జెట్ పుస్తకంలో ప్రతి రంగానికీ మేజర్ హెడ్ అనే పద్దు సంఖ్య, దాని కింద మైనర్ హెడ్ అనే ఉపపద్దు ఇప్పటికే ఉన్నాయి. మేజర్ హెడ్ 2402 నేల, నీటి సంరక్షణ, 2406 అడవులు, 2702 చిన్న నీటిపారుదల, 3435 పర్యావరణం. వీటి కింద మైనర్ హెడ్ 789 ఎస్సీల కోసం, 796 గిరిజన ప్రాంతాల కోసం. ఆ మేజర్ హెడ్‌ల కింద 789, 796 వరుసల్లో ఉన్న కేటాయింపులు తీసి ఐదేళ్లవి పక్కపక్కన పెట్టండి. బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం మూడూ రాయండి. కేటాయింపు పెరుగుతూ వాస్తవ వ్యయం కుంటుతుంటే లోపం డబ్బులో లేదు, అమలులో ఉంది.

హాని చేసే ఖర్చుకూ గుర్తు ఉండాలి. మంచి పనులకే రంగు వేస్తే, బోర్లు ఎండేదాకా నీరు తోడించే రాయితీ ఎక్కడా కనబడదు. ఆ రాయితీని తీసేయమని చెప్పడం తొందరపాటు, దాని మీద చిన్న రైతు పంట ఆధారపడి ఉంటుంది. లెక్కలోకి మాత్రం రావాల్సిందే. అప్పుడే ప్రత్యామ్నాయం గురించి మాట్లాడగలం.

ఎక్కువగా చెడేది నిర్వహణ దగ్గర. పూడిక తీయడం, గట్టు కట్టడం మూలధన వ్యయం, రిబ్బన్ కత్తిరింపుతో సహా జరిగిపోతుంది. తూము షట్టర్‌కు గ్రీజు, అలుగు మరమ్మతు, చెరువు నీళ్లు వదిలే నీరటికి జీతం ఏటా అయ్యే రెవెన్యూ వ్యయం. దానికి డబ్బు ఎవరూ అడగరు. మొక్కలకు కనీసం మూడు వేసవుల నీళ్లు, కంచె, కాపలా ఖర్చును మొదటి ఏడాది ప్రతిపాదనలోనే ఏడాదివారీగా రాయించండి.

సూచికలో "నాటిన మొక్కలు" అని ఉంటే మార్పించండి. మూడో ఏడాది బతికున్న మొక్కలు, మే నెలలో బావిలో నీటిమట్టం, వంటచెరకు కోసం ఆడవాళ్లు నడిచే గంటలు: ఇవి పెట్టండి. వీటిని భూమిలేని కుటుంబాలకు విడిగా సేకరించమనండి, ఎందుకంటే ఊరి సగటు బాగున్నా వాళ్ల బిందె ఖాళీగా ఉండొచ్చు.